కిందెవరూ మిగల్లేదు కదా

ఆయన పోయారని మైకులో చెప్పగానే మా వీధి వీధంతా మేడలెక్కింది.

పొద్దున పదింటి వేళ. కుక్కరు దించి, తాలింపుకి ఎండుమిరపకాయలు తుంచుతున్నా. మసీదు మైకు గరగరమంది. అజాన్ వేళ కాదు. రోజూ అజాన్ ఇచ్చే మౌజన్ గారి గొంతు ఆయన పేరు చెప్పింది, ఇంటి గుర్తు చెప్పింది, జనాజా నమాజు ఎప్పుడో చెప్పింది. అంతే, స్టవ్ కట్టేశా. తలుపు వెనక మేకుకి తగిలించి ఉండే సంచీ భుజానేసుకుని మెట్లెక్కేశా. ఆ సంచీలో ఆధార్ కార్డులు, ఇంటి కాగితాలు, మా ఆయన షుగరు మాత్రలు ఎప్పుడూ సర్దే ఉంటాయి. డాబా మీదికెళ్ళి చూస్తే ఎదురింటివాళ్ళూ పైనే, పక్కింటివాళ్ళూ పైనే. అందరి చంకల్లో సంచీలే. పైనేమో మాడు పగిలే ఎండ, మబ్బు తునక లేదు. ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఎవరికీ నవ్వు రాలేదు.

చావు కబురు వింటే ఆ ఇంటికి పరుగెత్తాలి గానీ డాబా ఎక్కడమేమిటని కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు అడుగుతుంటారు. అడగాల్సిందే మరి. ఈ అలవాటు మాకు చేసింది ఆయనే. చెయ్యాలని చెయ్యలేదు పాపం.

వీధంతా ఆయన్ని మైకు భాయ్ అనేది. నేను మాత్రం అన్నయ్యగారూ అనేదాన్ని. ఆయనకి నేను చెల్లెమ్మని, వాళ్ళావిడ నాకు వదిన. నాది కర్రీ పాయింటు, ఆయనది మిక్సీలు బాగుచేసే కొట్టు. నా మిక్సీ నెలకోసారైనా మొరాయించేది కాబట్టి చుట్టరికం అలా కలిసింది. మసీదుకి ఎదురుగానే వాళ్ళిల్లు. కింద కొట్టు, పైన కాపురం, ఆ పైన డాబా. మా వీధిలో కాస్త మెరక ఆ చివరే. మిగతాదంతా బుడమేరు వైపుకి దిగిపోయే పల్లం.

కుర్రతనంలో గవర్నర్‌పేటలో మైక్‌సెట్లు అద్దెకిచ్చే షాపులో పనిచేశారట. పెళ్ళిళ్ళకి, మీటింగులకి తిరిగారు. గుణదల తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లల పేర్లు చదివేవారు. "చొక్కా రంగు చెప్పాలి చెల్లెమ్మా, పేరు కాదు. తప్పిపోయిన పిల్లాడు తన పేరు తనే మర్చిపోతాడు" అనేవారు. ఆ గొంతంటే ఆయనకి మహా మురిపెం. మసీదు మైకు ముందు నిలబడే ముందు ఉప్పు నీళ్ళు పుక్కిలించాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. "మైకులో మీ చొక్కా ఎవరికి కనపడుతుందండీ?" అని నేను దెప్పితే, "గొంతుకి తెలుస్తుందమ్మా" అనేవారు.

మసీదు పెద్దలు మంచివాళ్ళు. వీధికి పనికొచ్చే కబురేదైనా ఆ మైకులో చెప్పనిచ్చేవాళ్ళు. దాంతో మేకపిల్ల తప్పిపోయినా ఆయనే, మున్సిపాలిటీ ట్యాంకరు వచ్చినా ఆయనే, గ్యాస్ బుక్కు దొరికినా ఆయనే. ముందు గోరుతో మైకు మీద టక్కుటక్కున కొట్టేవారు. "అయ్యలారా, అమ్మలారా, దయచేసి వినండి" అనేవారు. ఉర్దూలో చెప్పిందే మళ్ళీ తెలుగులో చెప్పేవారు. అబద్ధం మాత్రం చెప్పరు. చచ్చినా చెప్పరు. చెప్పులషాపు అతనొచ్చి డిస్కౌంటుకి ఈరోజే ఆఖరని చెప్పమంటే, "నిజంగా ఆఖరేనా? రేపు నేనొస్తే ఇవ్వవా?" అని నిలదీసి పంపేశారు. నేను కర్రీ పాయింటు పెట్టిన రోజున, కూరలు రుచిగా ఉంటాయని ఒక్క మాట చెప్పండి అన్నయ్యగారూ అని బతిమాలా. "నేను తినలేదు కదమ్మా" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గిన్నెడు వంకాయ కూర పంపించా. కాసేపటికి మైకులో వచ్చింది: "సెంటర్లో కొత్తగా పెట్టిన కర్రీ పాయింటులో వంకాయ కూర బాగుంది. మిగతావి నాకు తెలియదు." వీధంతా పడీపడీ నవ్వింది. ఆ వారమంతా ఎవరొచ్చినా వంకాయ కూరే అడిగారు. మిగిలిన కూరలన్నీ మేమే తిన్నాం.

చావు కబురు చెప్పేటప్పుడు ఆయన గొంతు వేరుగా ఉండేది. టక్కుటక్కులుండవు. గొంతు దించేసి, ముందు, అందరం దేవుడి దగ్గరికే తిరిగి పోతామనే అరబ్బీ మాట చెప్పి, తర్వాత పోయినవాళ్ళ పేరు, ఇల్లు. ఆ గొంతు వినగానే మా వీధిలో హిందువుల్లేరు, ముస్లిముల్లేరు, పొయ్యిలు కట్టేసేవాళ్ళు. వాటా గోడ దగ్గర తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు కూడా ఒకే గుమ్మంలోంచి వెళ్ళేవాళ్ళు. ఇంకే కబురుకీ మా వాళ్ళు అలా కదలరు.

ఒక్క మనిషి మాత్రం చావింటికి ఆలస్యంగా వచ్చేది. మేమంతా ఖాలా అని పిలిచే పెద్దావిడ. ముస్లిం ఆడవాళ్ళు పోతే స్నానం చేయించి కఫన్ గుడ్డ కట్టేది ఆవిడే. కబురు వినగానే అందరూ చావింటికి వెళ్తే, ఆవిడ రైల్వే అండర్‌పాస్ దాటి బట్టల కొట్టుకి వెళ్ళేది. తెల్లగుడ్డ, కర్పూరం, అత్తరు, సబ్బు అన్నీ తెచ్చుకుని అప్పుడు గుమ్మం తొక్కేది. "ఏడవడానికి మీరంతా ఉన్నారుగా, గుడ్డ ఎవరు తెస్తారు?" అనేది. ఉత్త చేతులతో ఆవిడ ఏ చావింటికీ వెళ్ళలేదు.

ఇక ఆ కమిటీ సంగతి. వరదలూ తుపాన్లూ వస్తే ముందుగా వీధిని లేపడానికి వీధివాళ్ళే ఉండాలని, ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు వచ్చి మాలో కొందరికి నారింజరంగు కోట్లు ఇచ్చారు. ఒకరికి తాడు, ఒకరికి మందుల పెట్టె, నాకు విజిల్. "ఆవిడకి నోరుందిగా, మళ్ళీ విజిలెందుకు?" అన్నాడు వెనక నుంచి ఎవడో పోరంబోకు. అన్నయ్యగారికి కొత్తగా ఇచ్చేదేముంది, మైకే. ఆయన దాన్ని నమాజంత నిష్ఠగా తీసుకున్నారు. కొన్నాళ్ళకోసారి డ్రిల్లు పెట్టేవారు. ఆయన మైకులో చెప్పడం, మేము ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని ఆయనింటి డాబా మీదికి ఎక్కించడం. అందరూ ఎక్కాక ఆయన చివర ఎక్కి, పిట్టగోడ దగ్గర నిలబడి అడిగేవారు: "కిందెవరూ మిగల్లేదు కదా?" మేము స్కూలు పిల్లల్లా "లేదూ" అని అరిచేవాళ్ళం. వదిన అందరికీ టీ పోసేది. టీ కోసమే వచ్చేవాళ్ళు సగం మంది.

బెజవాడ వాళ్ళకి వరదంటే కృష్ణే. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అనగానే నది ఒడ్డు వాళ్ళు సామాన్లు సర్దుకుంటారు, మిగతా ఊరు నీళ్ళు చూడ్డానికి వెళ్తుంది. మేము చూడ్డానికి వెళ్ళే రకం. నది ఊరికి అటుంది, మేము ఇటున్నాం. మా వెనకాల బుడమేరుందని మాకు తెలియక కాదు. దాన్ని మేము ఏరని ఎప్పుడూ అనుకోలేదు, మురిక్కాలవనుకున్నాం. దోమలొస్తే తిట్టుకోవడానికి తప్ప దాని పేరెత్తేవాళ్ళం కాదు.

ఆ ఏడు వాన మొదలై ఆగలేదు. ఆ పొద్దున టీవీలో బ్యారేజీ గేట్లు చూపిస్తున్నారు. మా వీధి మగాళ్ళు గొడుగులేసుకుని చూడ్డానికి బయల్దేరుతున్నారు. బుడమేరుకి ఎగువనుండే ఆయన తమ్ముడు అన్నయ్యగారికి ఫోన్ చేశాడు. "గండి పడింది భయ్యా. మా ఇంట్లో నడుంలోతు నీళ్ళు. మీవైపే వస్తున్నాయి" అన్నాడు. ఆయన చొక్కా తొడుక్కుని మసీదులోకి పరుగెత్తారు. టక్కుటక్కు. "అయ్యలారా, అమ్మలారా, బుడమేరు పొంగింది. డ్రిల్లు కాదు. ఉన్నవాళ్ళు ఉన్నట్టు మా మేడ మీదికి రండి."

ఎవరూ రాలేదు. మళ్ళీ చెప్పారు. మళ్ళీ చెప్పారు. టీ కొట్టు దగ్గర ఒకాయన, "బ్యారేజీ అటుంటే ఇటు నీళ్ళెందుకొస్తాయయ్యా, భాయ్‌కి టీ పార్టీ గుర్తొచ్చినట్టుంది" అన్నాడు. నేను బుగ్గలు నొప్పెట్టేలా విజిల్ ఊదుతూ వీధి ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగా. ఒక మహాతల్లి కిటికీలోంచి, "కూరలు మాడిపోతాయి, వెళ్ళవమ్మా" అంది. ఆ మొహం గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

కాసేపు మైకు ఆగింది. తర్వాత గొంతు దిగి వచ్చింది. "మా ఇంటావిడ ఇక లేదు. మా మేడ మీద ఉంది. అందరూ రండి."

నేనూ నమ్మా. విజిల్ మెడలో వేలాడుతుంటే, "అయ్యో వదినా" అని గుండెలు బాదుకుంటూ పరుగెత్తా. వీధిలో పొయ్యిలన్నీ ఆరిపోయాయి. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు, గొడుగులు విసిరేసి మగాళ్ళు, ఇందాక కిటికీలోంచి మాట్లాడిన ఆవిడ, అందరూ. మెట్ల దగ్గర అన్నయ్యగారు తడిసిన ఇస్త్రీ చొక్కాతో నిలబడి, "పైకి, పైకి" అని ఒక్కొక్కరినీ వీపు మీద చెయ్యేసి తోస్తున్నారు. ఆయన మొహం చూసి నాకు ఇంకా ఏడుపొచ్చింది.

పైకెళ్తే వదిన మంచం మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది.

"నన్ను చూడ్డానికేనా? రండి, డాబా ఎక్కండి" అంది. "ఎవరూ మాట వినట్లేదు, నిన్ను చంపేస్తున్నా, ఏమనుకోకు అని చెప్పి వెళ్ళారు ఆయన."

ఇందాక టీ కొట్టు దగ్గర మాటన్న ఆయన శివాలెత్తిపోయాడు. గబగబా కిందికి దిగి అన్నయ్యగారి కాలరు పట్టుకున్నాడు. "చావుతో ఆటలా? ఆ మైకులో అబద్ధమా?" అని ఊపేస్తున్నాడు. ఆయన ఎదురు చెప్పకుండా, అతన్ని పట్టుకుని మెట్లెక్కిస్తూనే ఉన్నారు. అంతలో పిట్టగోడ దగ్గర నుంచి ఎవరో కెవ్వుమన్నారు. నీళ్ళొచ్చాయి. మెల్లగా పెరుగుతాయనుకున్నాను నేను. అలా రాలేదు. వీధి మొగలోంచి చెత్తకుండీనీ, స్కూటర్లనీ తోసుకుంటూ నల్లగా వచ్చేశాయి. నా కర్రీ పాయింటు బల్ల మా కళ్ళముందే తేలుకుంటూ పోయింది. చూస్తుండగా మా ఇళ్ళ గుమ్మాలు మునిగాయి, కిటికీలు మునిగాయి. అతను కాలరు వదిలేసి మెట్ల మీదే కూలబడ్డాడు.

డాబా మీద ఇసుకేస్తే రాలనంత జనం. అన్నయ్యగారు చివర ఎక్కారు. పిట్టగోడ దగ్గర నిలబడి అదే మాట అడిగారు. "కిందెవరూ మిగల్లేదు కదా?"

"లేదు" అన్నాం. ఈసారి ఎవరూ అరవలేదు.

వదిన అందరి మొహాలూ వెతుకుతోంది. "ఖాలా ఏదీ?" అంది.

అందరం పక్కవాళ్ళ వైపు చూశాం. వదిన చేతిలో వెల్లుల్లి రెబ్బ అలాగే ఉంది. "నేను పోయానని విందిగా. నా గుడ్డ తేవడానికి వెళ్ళుంటుంది" అంది.

ఆయన నీళ్ళలోకి దిగబోయారు. నలుగురు మగాళ్ళు ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది. "వదలండి, నేనే పంపాను ఆమెని, నేనే పంపాను" అని ఆ గొంతు అరిచిన అరుపు నేను చచ్చేదాకా మర్చిపోను. గుణదల కొండ కింద పిల్లల్ని తల్లుల దగ్గరికి చేర్చిన గొంతది. పడవలు రావడానికి చాలా ఆలస్యమైంది. వచ్చిన ప్రతి పడవనీ ఆయన అడిగింది ఒక్కటే, అండర్‌పాస్ వైపు వెళ్ళారా అని.

నీళ్ళు తీశాక ఖాలా ఆ అండర్‌పాస్‌లోనే దొరికింది. చంకలో ప్లాస్టిక్ కవరు నొక్కిపెట్టి ఉంది. వాన పడుతోందని బట్టల కొట్టాయన కవరు మీద కవరు వేసి గట్టిగా ముడేశాడట. లోపల గుడ్డ పొడిగా ఉంది. ఆడవాళ్ళకి స్నానం చేయించే మనిషే పోతే ఇప్పుడెవరు చేయిస్తారని అందరూ తటపటాయిస్తుంటే వదిన కొంగు బిగించింది. తనకి అంతకుముందు ఆ పని తెలియదు. పెద్దవాళ్ళు గుమ్మం బయట నుంచి చెప్తుంటే చేసింది. "ఈ గుడ్డ నాకోసం తెచ్చింది. నాదే. దీన్నే కట్టండి" అంది. అప్పటి నుంచీ మా వీధిలో ఆ పని వదినదే.

తర్వాత టీవీ వాళ్ళొచ్చారు. ఒక్క అబద్ధంతో వీధిని కాపాడిన మనిషంటూ గొట్టాలు పట్టుకుని ఆయన కోసం వెతికారు. ఆయన మిక్సీల వెనక చీకట్లో కూర్చుని బయటికి రాలేదు. ఎవరో సభ పెట్టి శాలువా కప్పుతామంటే, "నా దగ్గర గుడ్డ మాటెత్తకండి" అన్నారు. మసీదు పెద్దలు పల్లెత్తు మాటనలేదు. ప్రాణాలు పోతుంటే ఏ మాటైనా చెప్పొచ్చు భాయ్ అని నచ్చజెప్పారు. ఆయన తలూపి, మైకు గది తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టి వచ్చేశారు. మళ్ళీ ఆ మైకు ముట్టుకోలేదు. ఇస్త్రీ చొక్కాలు వదిన పెట్టెలో పెట్టేసింది. మాట గుసగుసలోకి దిగిపోయింది. మిక్సీ తిరుగుతుంటే ఆయన ఏమంటున్నారో వినపడేది కాదు, ఆపమనాల్సి వచ్చేది.

నేను ఊరుకోలేదు. నాకు ఊరుకోవడం చేతకాదు. "ఇంతమందిమి బతికున్నాం అన్నయ్యగారూ, నా మనవరాలు బతికుంది, అది కనపడదా మీకు?" అని కొట్టు ముందు నిలబడి కేకలేశా. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టారు. "అరబ్బీ మాట చెప్పలేదు చెల్లెమ్మా ఆరోజు" అన్నారు. "దేవుడి మాట పెట్టి అబద్ధమాడలేకపోయాను. తెలుగులోనే ఆడాను. ఆ మాట లేదే అని ఆమెకైనా అనుమానం రావాలి కదా?" ఆ వానలో, ఆ కంగారులో, ఏ మాట ఉందో ఏది లేదో ఎవరు చూసుకుంటారు? తన మాటిన్నవాళ్ళంతా పైకొచ్చారు, తనని ఎక్కువ నమ్మిన మనిషి నీళ్ళలోకి వెళ్ళిందని ఆయన దిగులు. మిక్సీ తీసుకుని ఇంటికొచ్చి ఏడిచా.

కమిటీ మీటింగులకి మాత్రం వచ్చేవారు. చివర కూర్చునేవారు. కొత్త సైరన్లు, ఫోన్లకి మెసేజీలు, ఏవేవో చెప్పేవాళ్ళు పైనుంచి వచ్చినవాళ్ళు. అన్నీ విని ఆయన చెయ్యెత్తేవారు. "అందరూ ఇటొచ్చేటప్పుడు అటు వెళ్ళాల్సిన పని ఎవరికుందో ముందు కనుక్కోండి" అనేవారు. వాళ్ళకి అర్థమయ్యేది కాదు, మాకు అర్థమయ్యేది. మసీదు పైగది బీరువాలో ఒక కఫన్ గుడ్డ ఎప్పుడూ ఉండాలని ఆయనే పట్టుబట్టారు. వాడగానే ఇంకోటి తెచ్చిపెట్టేవారు. మా వీధిలో ఇప్పుడు ఎవరు పోయినా, గుడ్డ ఇంటికి చేరిందని తెలిశాకే మైకులో చెప్తారు.

వరద తర్వాత వీధిలో మొదటి చావు కబురు వచ్చినప్పుడే మేమంతా సంచీలు తీసుకుని మేడలెక్కేశాం. ఎవరూ చెప్పలేదు, కాళ్ళే ఎక్కాయి. ఆ ఇంటివాళ్ళు శవంతో ఒంటరిగా మిగిలారు. అన్నయ్యగారు కొట్టు బయటికొచ్చి తలెత్తి మా అందరినీ చూశారు. సిగ్గుతో దిగబోతుంటే, దిగొద్దని చేత్తో సైగ చేశారు. వీధి మొగ దాకా ఆయనే నడిచి వెళ్ళి, బుడమేరు వైపు చూసి వచ్చి, అప్పుడు దిగమన్నారు. ఆ తర్వాత ప్రతి చావుకీ అదే వరస. మేము ఎక్కడం, ఆయన చూసి రావడం, మేము దిగి చావింటికి పోవడం.

మరి ఈరోజు ఎవరు చూసి వస్తారు? డాబాల మీద అందరం ఎండలో నిలబడి అదే ఆలోచిస్తున్నట్టున్నాం. ఎవరూ దిగడం లేదు. ఇక లాభం లేదని నేనే దిగా. వీధి మొగ దాకా వెళ్ళా. బుడమేరు ఎప్పట్లాగే గుర్రపుడెక్క ఆకుతో పచ్చగా, కంపు కొడుతూ ఉంది. చూసి వెనక్కొచ్చా.

మనుషులు వచ్చి చూసుకోవడానికి వీలుగా ఆయన్ని కింద కొట్టులోనే పడుకోబెట్టారు. మిక్సీలన్నీ గోడవారకి జరిపారు. పక్కన స్టూలు మీద మసీదు బీరువాలోంచి వచ్చిన గుడ్డ మడత విప్పకుండా ఉంది. ఆయన తెచ్చిపెట్టిందే అయుంటుంది. వదిన ఒక్కతే ఆయన తల దగ్గర కూర్చునుంది. ఇంకా పురుగు లేదు ఆ కొట్టులో. నన్ను చూసి ఏడవలేదు.

"అందరూ ఎక్కారా?" అంది.

"ఎక్కారు వదినా."

"కిందెవరూ మిగల్లేదు కదా?"

"మీరిద్దరే వదినా" అని, నేనూ ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను.